ఇంజన్ వేడెక్కేదాకా

బలసముద్రంలో అంజనమ్మ ఓమ్నీ వ్యాన్ ఎక్కే ఆడవాళ్లకు ఒక కట్టడి ఉంది. ఊరు దాటి, సోలార్ ప్లాంటు కంచె మొదలై, వల్లూరు మలుపు వచ్చేదాకా బండిలో ఎవరూ నోరు మెదపకూడదు. పొద్దు పొడవకముందే లేచి, వంట చేసి, పిల్లల్ని తిట్టి పరుగెత్తుకొచ్చినవాళ్లు. చెప్పుకోవలసిన మాటలు గొంతుదాకా ఉంటాయి. అయినా ఆపుకుంటారు. మలుపు దగ్గర అంజనమ్మ ఒకసారి తల ఊపుతుంది. అప్పుడు వెనక సీట్లలో సంత మొదలవుతుంది.

కొత్తగా పనిలో చేరినవాళ్లు అదేదో మొక్కు అనుకుంటారు. కాదు. ఓమ్నీలో ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. తోలేవాళ్లు దాని నెత్తిన కూర్చున్నట్టే. లోపల ఏది వదులైనా ముందు తొడలకు తెలుస్తుంది, తర్వాత చెవికి. చల్లగా ఉన్నప్పుడు ఇంజన్ చెప్పేది ఒకటి, వేడెక్కాక చెప్పేది ఇంకొకటి. ఈ తేడా నేర్చుకునే దారిలో అంజనమ్మ ఒక మనిషి చెయ్యి విరగ్గొట్టింది. ఆ మనిషి ఆమె మొగుడు చిన్నన్న.

బండి చిన్నన్న కొన్నదే. వేరుశనగ చేను సోలార్‌కు కౌలుకిచ్చిన ఏడాది తుమకూరు నుంచి తెచ్చాడు. అప్పటికే మీటరు ఒక చుట్టు తిరిగి మళ్లీ సున్నాల దగ్గర మొదలైందని అమ్మినవాడే నవ్వుతూ చెప్పాడట. ప్యానెళ్లు తుడిచే కూలి ఆడవాళ్లను పొద్దున ప్లాంటు గేటు దగ్గర దించడం, ఎండ ముదిరాక ఇళ్లకు చేర్చడం చిన్నన్న పని. చెవితోనే ఇంజన్ రోగం చెప్పేవాడు. బోనులాంటి ఆ బండిని గొర్రెల మంద మధ్యలోంచి ఒక్క గొర్రెకు తగలకుండా తీసుకుపోయేవాడు.

ఎడమచేతి వాటం మనిషి, గేరు మార్చే చేత్తోనే పక్కన కూర్చున్న పెళ్లాన్ని కొట్టేవాడు. రెండో గేరుకూ మూడో గేరుకూ మధ్య దెబ్బ పడేది. బండి అటూ ఇటూ ఊగేది కూడా కాదు. వెనకున్న ఆడవాళ్లు కిటికీల్లోంచి ప్యానెళ్లను చూసేవాళ్లు. ఒకసారి మెడ పట్టి ముందుకు తోస్తే పై పన్ను డ్యాష్‌బోర్డుకు తగిలి ఊడింది. అంజనమ్మ కొంగుతో నోరు తుడుచుకుని, అదే కొంగుతో డ్యాష్‌బోర్డు కూడా తుడిచింది. మరక మిగిలితే దానికి ఇంకో దెబ్బ. ఆసుపత్రిలో మెట్ల మీద జారిపడ్డానని చెప్పింది. వాళ్లింటికి మెట్లు లేవు.

ఆ చెయ్యి చివరికి బయటివాళ్ల మీద పడింది. పావగడ బస్టాండు దగ్గర దారి ఇవ్వలేదని ఒక లారీ క్లీనర్ మొహం మీద వీల్ స్పానర్‌తో కొట్టాడు. క్లీనర్‌కు ఒక కన్ను పోయింది. చిన్నన్న జైలుకు పోయాడు.

బండి ఇంటిముందు దుమ్ము పట్టింది. నిడుగల్లు నందీష్ అప్పుడే వచ్చాడు. అతనికి రెండు టెంపోలు ఉన్నాయి. "అక్కా, ఈ డొక్కు నాకిచ్చెయ్యి. నీ ఆడోళ్లంతా నా టెంపోలో వస్తారు. నువ్వు గూడా వచ్చి సోలార్ ప్లేట్లు తుడుచుకో, పుణ్యమొస్తాది" అన్నాడు. నందీష్ టెంపోల్లో ఆడవాళ్లు ఎక్కేటప్పుడు డ్రైవర్ల చేతులు ఎక్కడుంటాయో ఊళ్లో అందరికీ తెలుసు. పక్కింటి హొన్నమ్మ ఆ సాయంత్రమే వచ్చి, "నువ్వు తోలు. మేము తోస్తాం" అంది.

అక్షరాలా తోశారు. అంజనమ్మ కంచె పక్క మట్టిదారిలో క్లచ్ వదలడం నేర్చుకుంటుంటే హొన్నమ్మా, ఆమెతో ప్యానెళ్లు తుడిచే దాసమ్మా వెనకనుంచి నెట్టారు. ఒకసారి కంచెకు గుద్దుకుంది. కాపలావాడు కట్టె తీసుకుని వస్తే హొన్నమ్మ ఆ కట్టె లాక్కుని వాడి వీపు మీదే విరిచింది. తర్వాత అంజనమ్మ మధుగిరికి పోయి లైసెన్స్ తెచ్చుకుంది. బండిని నడిపింది. ఆడవాళ్లు ఒక్కరు కూడా నందీష్ టెంపో ఎక్కలేదు.

మరుసటి ఎండాకాలంలో ఇంజన్‌లో చప్పుడు మొదలైంది. మిట్ట ఎక్కేటప్పుడు అడుగున ఎవరో సుత్తితో కొట్టినట్టు, లోతుగా, టక్ టక్ టక్. అంజనమ్మకు తెలిసిన వైద్యం ఒకటే. ఆ పల్లెల్లో బోరు ఇంజన్ అరిస్తే జిగురు ఆయిల్ పోస్తారు. అరుపు తగ్గుతుంది. వాళ్ల బోరు ఎప్పుడో ఎండిపోయింది, ఇంజన్ పాత ఇనుము కొనే గుజరీవాడి బండెక్కింది, ఆయిల్ డబ్బా మాత్రం గొడ్లపాకలో మిగిలింది. ఆ జిగురు ఆయిల్ ఓమ్నీలో పోసింది. చప్పుడు తగ్గింది. మళ్లీ మొదలైతే మళ్లీ పోసింది. బాగయిందనే అనుకుంది.

అలాంటి రోజుల్లో చిన్నన్న జైలు నుంచి వచ్చాడు. వచ్చిన మొదటి రోజు అరుగు మీద కూర్చుని భార్య బండి తిప్పుతుంటే చూశాడు, ఇంజన్ చప్పుడూ విన్నాడు. రెండో రోజు తాళం అడిగాడు, ఇవ్వలేదు. గూబ మీద కొట్టాడు, అయినా ఇవ్వలేదు. మూడో రోజు పని నుంచి తిరిగొచ్చేటప్పుడు గేటు దగ్గర ఎదురొచ్చి బండెక్కి పక్కన కూర్చున్నాడు. మిట్ట మీద, ఆమె చెవికి ఇంకా అందని చప్పుడును ఒక్క క్షణం విన్నాడు.

"బేరింగ్ పోయిండాది" అన్నాడు. "అమ్మేయ్. ఇంగ పనికి రాదు."

అంజనమ్మ నమ్మలేదు. ఎందుకంటే అప్పటికే హొన్నమ్మ కూతురు ఫోన్ చేసింది. నందీష్, గుజరీవాడు, చిన్నన్న ముగ్గురూ ముందురోజు రాత్రి బండి చుట్టూ తిరిగారనీ, గుజరీవాడు టైరును కాలితో తన్ని చూశాడనీ చెప్పింది. బండి పోతే అంజనమ్మ మళ్లీ మొగుడి చేతి కింద. మిగతా ఆడవాళ్లు నందీష్ డ్రైవర్ల చేతుల కింద. ఆ రాత్రి ఆమె తాళాన్ని రవికలో దోపుకుని పడుకుంది.

పొద్దున్నే ఆడవాళ్లు తుడుపు కర్రలు పట్టుకుని వచ్చేసరికి అంజనమ్మ ముందు సీటు ఎత్తిపెట్టి వంగి ఉంది. ఇంజన్ తిరుగుతోంది. స్విచ్చి అరిగిపోయిన బండి, తాళం ఊడదీసినా ఇంజన్ ఆగదు; తాళం మళ్లీ ఆమె రవికలోకే పోయింది. చిన్నన్న పంచె ఎగ్గట్టి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏమే, చెప్తాండా గదా. ఈ పొద్దు తోల్తే ఇంజన్ లోపలి రాడ్ బయటికొస్తాది."

"నీ నోట్లోంచి నిజం ఎప్పుడొస్తాదో చెప్పు. ఆ దినం ఊరంతా బెల్లం పంచుతా."

"పంచు మరి. ఈ పొద్దే."

"ఉండు. నేనే సూస్తా."

చూసే పద్ధతి ఆమె అతని దగ్గరే నేర్చుకుంది, దెబ్బలు తింటూ పక్కన కూర్చున్న కాలంలో. మూడు సిలిండర్లు. ఒక్కోదానికి కరెంటు తీసుకుపోయే ప్లగ్గు తీగ ఒకటి. ఇంజన్ తిరుగుతుండగా ఒక్కో తీగ ఊడదీయాలి. ఏ తీగ తీస్తే చప్పుడు చచ్చిపోతుందో ఆ సిలిండర్ బేరింగ్ పోయినట్టు. మొదటి తీగ పీకింది. ఇంజన్ కుంటింది, చప్పుడు మాత్రం లేదు. పెట్టేటప్పుడు తీగ షాకు మోచేతిదాకా కొట్టింది. పళ్లు బిగబట్టి రెండోది పీకింది. అదే తీరు. మూడోది. అదే. ఏ తీగ తీసినా తేడా లేదు, ఎందుకంటే పోవడానికి అసలు చప్పుడే లేదు. స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు, పిడి చెవికి ఆనించి విన్నది. ముసలి ఇంజన్ గురక, అంతే.

"యాడుండాదప్పా నీ బేరింగ్?" అంది నిటారుగా లేచి. "నందీష్ జోబీలో ఉండాదా?"

దాసమ్మ కిసుక్కున నవ్వింది. జైలుకు పోయి వచ్చిన మగవాడు ఆడవాళ్ల ముందు ఓర్చుకోలేని నవ్వు అది.

చిన్నన్న కుడి చేత్తో ఆమె జుట్టు పట్టి తలను తలుపు అంచుకు కొట్టాడు. కనుబొమ్మ చిట్లింది. ఎడమ చేత్తో రవికలో తాళం కోసం వెతికాడు, అందరి ముందరా. ఆమె చేతులు గాలిలో తడుముకుని సీటు కింద జాకీ రాడ్‌ను పట్టుకున్నాయి. మొదటి దెబ్బ అతని మోకాలికి తగిలింది. జుట్టు వదిలాడు. వదిలి, పాత అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి పైకెత్తాడు. రెండో దెబ్బ ఆ చేతి మణికట్టు మీద పడింది. ఎండు కట్టె విరిగినంత శబ్దం. చెయ్యి దిగువన వేరే దిక్కుకు వేలాడింది. అతను అరవలేదు. అరుపు తర్వాత వచ్చింది, కింద కూర్చున్నాక. అంజనమ్మ మూడో దెబ్బకు రాడ్ ఎత్తింది. తల మీదికి గురిచూసి ఎత్తిందని హొన్నమ్మ ఇప్పటికీ చెబుతుంది. హొన్నమ్మే వెనకనుంచి ఆ రాడ్ పట్టుకుంది.

"సాలు, ఊరకుండు. జైలుకు పోతే మమ్మల్ని ఎవురు తీసుకుపోతారు?"

అది సరైన మాట. అంజనమ్మ రాడ్ దించింది. కనుబొమ్మ రక్తం కంట్లోకి కారుతోంది, మోచేత్తో తుడుచుకుంది.

"వీన్ని ఈడ వదిలితే ఇంటికి అగ్గి పెడతాడు" అంది దాసమ్మ.

"ఎక్కించండి. మిమ్మల్ని దించి పావగడ ఆసుపత్రిలో పారేసి వస్తా."

నలుగురు పట్టి అతన్ని ముందు సీట్లో కూలేశారు. విరిగిన చేతికి హొన్నమ్మ తుడుపు గుడ్డ చుట్టింది. బండి కదిలింది. ఊరు దాటేదాకా చిన్నన్న ఆమె పుట్టింటి ఏడు తరాలనూ తిట్టాడు. కంచె మొదలయ్యాక తిట్లు ఆపి, తల ఒక పక్కకు వంచాడు. ఏదో వింటున్నాడు. తర్వాత నవ్వాడు. విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, మొహమంతా చెమటతో, నవ్వాడు.

అంజనమ్మకు అప్పటికే తొడల కింద తెలిసింది. మిట్ట మొదట్లో మెల్లగా, నడిమికి వచ్చేసరికి గట్టిగా. టక్ టక్ టక్. యాక్సిలరేటర్ తొక్కితే సుత్తి వేగం పెరిగింది. వదిలితే తగ్గింది. ఆయిల్ వేడెక్కి నీళ్లయింది. పొద్దున ఆ జిగురు కింద దాక్కున్నది బయటికొచ్చింది.

బండి ఆపింది. ఇంజన్ ఆపలేదు. "దిగు" అని మొగుణ్ణి తోసి, సీటు ఎత్తింది. లోపలి వేడి మొహానికి కొట్టింది. మొదటి తీగ పీకింది. టక్ టక్ టక్. పెట్టింది. మధ్య తీగ పీకింది.

చప్పుడు పోయింది. పూర్తిగా పోలేదు, నోట్లో గుడ్డ కుక్కినట్టయింది. తీగ పెట్టింది, మళ్లీ సుత్తి. పీకింది, మళ్లీ అణిగింది.

"బెల్లం యాడుండాదే?" అన్నాడు చిన్నన్న రోడ్డు మీద కూర్చుని.

"నువ్వు నందీష్‌కు అమ్మాలని సూడలేదా?"

"సూసినా."

"మరి?"

"మరేంది? బేరింగ్ పోయింది గాబట్టే అమ్మాలని సూసినా. మంచి బండిని నేనెందుకు అమ్ముతానే, పిచ్చిదానా?"

వెనక ఎవరూ నవ్వలేదు. అంజనమ్మ తీగ పట్టుకుని అలాగే నిలబడింది. ఇన్నేళ్లలో అతను ఒక్కసారి నిజం చెప్పాడు, దానికి ఆమె అతని చెయ్యి విరగ్గొట్టింది. అయ్యో అనిపించిందా అని హొన్నమ్మ తర్వాత అడిగింది. లేదు, బండి పోయిందే అని మాత్రం అనిపించిందట.

"తీగ అట్లనే ఉండనీ" అన్నాడు చిన్నన్న. జాలితో కాదు, అతనికి ఆసుపత్రి కావాలి. "మధ్య దానికి మంట లేకపోతే దెబ్బ తగ్గుతాది. మెల్లగా పో. యాక్సిలేటర్ తొక్కినావనుకో, రాడ్ పగలగొట్టుకొని వచ్చి నీ పిర్రల్లో దిగుతాది."

ఆడవాళ్లు దిగి మిట్ట నడిచి ఎక్కారు. బండి రెండు సిలిండర్లతో కుంటుతూ, దగ్గుతూ వాళ్ల వెనకే పాకింది. మిట్ట పైన నందీష్ టెంపో అడ్డంగా ఆగి ఉంది. ఎవరో కబురు పెట్టినట్టున్నారు.

"ఏంది అక్కా, బండి ఏడుస్తాంది? ఎక్కండమ్మా ఎక్కండి, గేటు మూసేస్తారు" అంటూ నందీష్ దిగి, దగ్గరున్న దాసమ్మ జబ్బ పట్టి లాగాడు. "ఈ పిల్ల ముందర కూర్చోనీ, నా పక్కన."

దాసమ్మ దగ్గర ప్యానెళ్లు తుడిచే కర్ర ఉంది. అల్యూమినియందే, తేలికే. కానీ చివర ఇనుప చట్రం ఉంటుంది. అది నందీష్ నుదుటి మీద అడ్డంగా పడింది. అతను "అమ్మా" అని వంగేసరికి వీపు మీద ఇంకో కర్ర, పిక్కల మీద మరొకటి. టెంపో అద్దం పగిలింది. డ్రైవరు దిగబోయి, హొన్నమ్మను చూసి మళ్లీ తలుపేసుకున్నాడు. నందీష్ రక్తం కారే తలతో టెంపో ఎక్కి పోలీసుల పేరు అరుస్తూ పోయాడు. కేసు పెట్టలేదు. ఆడవాళ్లు తుడుపు కర్రలతో కొట్టారని స్టేషన్‌లో ఎలా చెప్పుకుంటాడు?

ఆ రోజు వాళ్లు గేటు మూయకముందే చేరారు. ఓమ్నీ పావగడ ఆసుపత్రి దాకా పాకింది. ఆగాక మళ్లీ స్టార్ట్ కాలేదు; ఊరికి తాడు కట్టి లాక్కురావలసి వచ్చింది.

"ఎట్ల విరిగింది?" అని డాక్టరమ్మ కన్నడలో అడిగింది. ఒకరికి చెయ్యి, ఒకరికి కనుబొమ్మ. చిన్నన్న భార్య వైపు చూశాడు.

"జాకీ జారింది" అన్నాడు.

ఇంజన్‌ను ఇంటిముందే విప్పారు. మెకానిక్ చేతికిస్తే రోజులు పడతాయి, ఆలోగా ఆడవాళ్లు చెదిరిపోతారు. చిన్నన్నకు పని తెలుసు, చెయ్యి లేదు. అంజనమ్మకు చేతులున్నాయి, పని తెలియదు. అతను కట్టు కట్టిన చేతిని మెడకు వేలాడేసుకుని స్టూలు మీద కూర్చుని చెప్పాడు. ఆమె నేల మీద పడుకుని విప్పింది. ఇంజన్ అడుగున తొట్టి తీస్తే ఆయిల్ పాకంలాగా జారింది. వేళ్ల మధ్య రుద్దితే రాగి రంగు రేణువులు మెరిశాయి. మధ్య బేరింగ్ రేకు సగం అరిగిపోయి ఉంది, నాలుకలాగా పలచగా.

చిన్నన్న ఆ ఆయిల్‌ను కుడి చేతి వేలితో ముట్టి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఎవురు పోసిండేది ఇది?"

"నేనే. బోరు ఇంజన్‌ది."

"బోరు ఇంజన్ ముసలెద్దు మాదిరి తిరుగుతాది. ఇది కుక్క మాదిరి పరిగెత్తాది. ఇంత జిగురు సందులోకి దూరేలోగా బేరింగ్ కాలిపోతాది. అరుపు మూసినావు, రోగం పెంచినావు. నువ్వే సంపినావు దీన్ని, ముండా!" స్పానర్ తీసి విసిరాడు. వాటం లేని కుడిచేతి విసురు, అయినా ఆమె భుజానికి తగిలింది.

అంజనమ్మ లేచింది. స్పానర్ తీసి పక్కన పెట్టింది. ఇంట్లోకి పోయి జాకీ రాడ్ తెచ్చి స్టూలు పక్కన గోడకు ఆనించింది.

"ఇంగో చెయ్యి ఉండాది గదా నీకు" అంది. "తర్వాత ఏ నట్టు?"

అతను కాసేపు రాడ్‌ను చూశాడు. తర్వాత ఏ నట్టో చెప్పాడు.

అలా సాగింది పని. క్రాంక్‌ను, అంటే ఇంజన్ ఇరుసును, ఆమె గోనెసంచిలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సులో పావగడకు తీసుకుపోయి లేత్ అంగడిలో అరగదీయించి తెచ్చింది. కొత్త బేరింగ్ రేకులు వేసింది. అతను తిడుతూ చెప్పాడు, ఆమె తిట్లను వదిలేసి మాటలను పట్టుకుంది. ఆ రోజుల్లో ఆడవాళ్లు కోడి కూసే వేళకే లేచి వల్లూరు మీదుగా గేటు దాకా నడిచారు. ఒకరిద్దరి కాళ్లు బొబ్బలెక్కాయి. నందీష్ టెంపో పక్కనుంచే పోయేది, అద్దం లేకుండా.

ఇంజన్ బిగించిన రోజు మొదటి తిప్పుకే అందుకుంది. చిన్నన్న స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని విన్నాడు. "సూసినావా, కుట్టుమిషన్ మాదిరి ఉండాది. నాలాంటోడు ఈ తాలూకాలో లేడు" అన్నాడు. మొహంలో ఏదో వెలిగింది. కట్టు విప్పే రోజు దగ్గరపడింది. వేళ్లు అప్పటికే కదుపుతున్నాడు.

"వేడెక్కనీ" అంది అంజనమ్మ. "ఎక్కు."

నిడుగల్లు దారి పట్టింది. కోట కొండ కింద ఆ తాలూకాలో దొరికినంత పెద్ద మిట్ట ఉంది. మూడో గేరులోనే తొక్కి ఎక్కించింది. పైన ఆపి, దిగి, సీటు ఎత్తింది. ఇంజన్ సెగలు కక్కుతోంది. కార్బురేటర్ తీగను వేలితో లాగి అరిపించింది, వదిలింది, మళ్లీ అరిపించింది. స్క్రూడ్రైవర్‌ను తన చెవికే పెట్టుకుంది. సుత్తి లేదు. మధ్య తీగ పీకి చూసింది. ఇంజన్ కుంటింది తప్ప వేరే తేడా లేదు. సీటు దించి కూర్చుంది.

"బాగుండాది" అంది.

"నేను చెప్తే నమ్మలా?"

"దిగు."

"ఏంది?"

"దిగప్పా. ఒక్క దినం నిజం చెప్పినావు. దానికే ఇంజన్ కట్టేదాకా అన్నం పెట్టినా. ఇంగ సాలు."

అతను నవ్వబోయాడు. ఆమె చెయ్యి సీటు కిందికి పోవడం చూసి దిగాడు. బండి తిరిగింది. కిందికి దిగుతుండగా వెనక అద్దం పేలినట్టు పగిలింది, గాజుముక్కలు ఆమె మెడ మీద పడ్డాయి. కుడి చేత్తో విసిరిన రాయి. ఆ చెయ్యి బాగానే అలవాటు పడింది. ఆమె ఆపలేదు. ఇంజన్ చప్పుడులో తేడా ఏమైనా ఉందా అని మిట్ట దిగేదాకా విన్నది.

చిన్నన్న ఇప్పుడు నందీష్ టెంపో తోలుతున్నాడు. మణికట్టు వంకరగా అతుక్కుంది, గేరు మార్చేటప్పుడు భుజమంతా కదుపుతాడు. రోజూ రెండు బండ్లూ వల్లూరు రోడ్డు మీద ఎదురుపడతాయి. అతను హారన్ మోత మోగిస్తాడు, ఆమె మోగించదు. జాకీ రాడ్ ఇంకా సీటు కిందే ఉంది. ఇంజన్ సెగకు అదీ వేడెక్కుతుంది.

వెనక అద్దానికి బదులు ప్యానెళ్లు చుట్టి వచ్చే ప్లాస్టిక్ పట్టా కట్టింది. మొన్న కొత్తగా చేరిన సుధామణి అనే అమ్మాయి, ఊరు దాటకముందే, ఉలిక్కిపడి నోరు తెరిచింది.

"అక్కా, ఏదో కొట్టుకుంటాండాది."

హొన్నమ్మ ఆ పిల్ల మోకాలి మీద ఒక్కటి వేసింది. "అది పట్టా. గాలికి. నోరు మూసుకో."

అంజనమ్మకూ అది పట్టా అని తెలుసు. అయినా యాక్సిలరేటర్ మీద కాలు సడలించింది. విన్నది. మళ్లీ తొక్కి, విన్నది. మలుపు వచ్చి, ఇంజన్ వేడెక్కేదాకా తల ఊపలేదు.